కత్తి కాంతారావు, మా అమ్మ సంతకం

పోయిన సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్లాను. నిజామాబాద్ నుంచి బోధన్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరు. పండగ పనులు అయిపోయి, సకినాలు డబ్బాలకెత్తి, మధ్యాహ్నం అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఏదో పాత జానపద సినిమా వస్తోంది. తలపాగా, సన్నటి మీసం, నడుముకు పట్టీ, చేతిలో కత్తి. డెబ్బై దాటిన మా అమ్మ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"కాంతారావు! కత్తి కాంతారావు. జూడు, ఇప్పుడు రాజనాలను ఎట్ల కొడ్తడో."

సరిగ్గా అప్పుడే మా అన్న కాగితాల కవరు తెచ్చి అమ్మ పక్కన పెట్టాడు. సినిమా అయ్యేదాకా ఆగి చెప్పాడు. నా మేనల్లుడు ఇంజనీరింగు పూర్తి చేసి ఏడాదయింది. ఉద్యోగం వద్దంటున్నాడు. దోస్తులతో కలిసి సినిమా తీస్తాడట, అందులో వాడే హీరో. రోడ్డు పక్కన అమ్మ పేరు మీదున్న మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మితే పని మొదలవుతుంది. అది అమ్మ పెళ్లప్పుడు మా తాత పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి. ఆమె సంతకం లేకుండా ఏమీ కాదు.

అమ్మ కాగితం ముట్టుకోలేదు. "పండగ పూట సంతకాలెందుకురా, రేపు చూద్దాం" అంది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ వదిన నన్ను పట్టుకుంది. "నువ్వు చదువుకున్నదానివి. వద్దంటే కొడుకు మనసు ఇరుగుతది, సరే అంటే భూమి పోతది. నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని. తెలుగు బి.ఏ. చదివినందుకు ఇంట్లో నాకొచ్చిన హోదా ఇదే, ఇలాంటప్పుడు గుర్తొస్తాను. ఏం చెప్పాలో తోచలేదు. కానీ మధ్యాహ్నం టీవీలో చూసిన రాకుమారుడే మనసులో తిరుగుతున్నాడు. ఎందుకంటే ఆయన కథ నాకు కొంత తెలుసు. మీకూ చెబుతాను.

ముందు మా అమ్మ కాంతారావును ఎక్కడ చూసిందో చెప్పాలి. మంజీర నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలైంది, 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో మా బోధన్ వైపు మెట్ట నేలలన్నీ తరిగా మారాయి. నీళ్లను వెతుక్కుంటూ కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో దాని పేరు చెప్పుకునేవారు. చెరుకు పండిన ఇంట్లో నగదు కనబడేది. నగదున్న చోటికి సినిమా వెతుక్కుంటూ వస్తుంది.

మా తాత చెరుకు బండి తోలుకుని ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. చెరుకు పైసలు చేతికొచ్చిన వారంలో ఇంటిల్లిపాదినీ అదే బండిలో టూరింగ్ టాకీసుకు తీసుకెళ్లేవాడట. గుడారం, మధ్యలో కట్టెలు, మగవాళ్లకూ ఆడవాళ్లకూ నడుమ ఒక పరదా. ఇసుక మీద కూర్చునే నేల టికెట్టు. రీలు మార్చినప్పుడల్లా లైటు వెలిగేది, పిల్లలు ఏడ్చేవాళ్లు, పల్లీలమ్మేవాడు లోపలికి వచ్చేవాడు. "మన ఊరోళ్లు ఒక పక్క, క్యాంపోళ్లు ఒక పక్క కూసునేది. కత్తి యుద్ధం వచ్చిందంటే అందరు ఒక్కటే కూత" అంటుంది అమ్మ.

ఆ కూత పెట్టించిన మనిషి మన తెలంగాణవాడే అన్న సంగతి ఆ గుడారంలో ఎంతమందికి తెలుసో! కాంతారావు పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పట్లో అది నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అంటే మా నిజాంసాగర్ పని మొదలైన సంవత్సరమే ఆయనా పుట్టారన్నమాట. నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో నడుస్తున్న రోజులవి. సినిమా అంటే మద్రాసు. అక్కడ మాట్లాడే తెలుగు వేరు, మనుషులు వేరు. మన వైపు నుంచి సినిమాల్లోకి వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కరీంనగర్‌కు చెందిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హిందీలో హీరో అయ్యారు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. మద్రాసు వెళ్లి తెలుగు తెర మీద నిలబడినవాళ్లలో ముందు వరుసలో చెప్పుకోవాల్సింది కాంతారావునే.

నాటకాల పిచ్చితో మొదలై మద్రాసు చేరిన కాంతారావుకు దారి చూపింది హెచ్.ఎం. రెడ్డి. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసినాయన. 1951లో 'నిర్దోషి'లో చిన్న వేషం, 1953లో 'ప్రతిజ్ఞ'లో హీరో. ఆ 'ప్రతిజ్ఞ'తోనే రాజనాల కూడా విలన్‌గా పరిచయమయ్యారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తెర మీద కొట్టుకున్న ఇద్దరూ ఒకే సినిమాతో వెలుగులోకి వచ్చారన్నమాట. 1955లో ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన 'జయసింహ'లో ఆయనకు తమ్ముడి వేషం వేశారు. అన్నగా ఎన్టీఆర్, తమ్ముడిగా కాంతారావు. ఆలోచిస్తే ఆ తర్వాత పాతికేళ్లు ఆయన జాతకం ఆ వరసలోనే నడిచింది.

పూర్తిస్థాయి హీరోగా నిలబెట్టింది మాత్రం విఠలాచార్య. కర్ణాటకలోని ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన దర్శకుడు. 1959లో 'జయవిజయ', 1960లో 'కనకదుర్గ పూజామహిమ', 1961లో 'వరలక్ష్మీ వ్రతం', 1963లో 'గురువును మించిన శిష్యుడు', 1964లో 'నవగ్రహ పూజామహిమ', 1965లో 'జ్వాలాద్వీప రహస్యం'. తక్కువ ఖర్చు, ఉన్న సెట్టునే అటు తిప్పి ఇటు తిప్పి వాడుకోవడం, కెమెరా కనికట్టు, దయ్యాలు, మాంత్రికులు, గుహలు. ఎవరైనా నటుడు షూటింగుకు రాకపోతే ఆ పాత్రను శాపం పెట్టి చిలకగా మార్చేసేవాడని విఠలాచార్య మీద సినిమావాళ్లు సరదాగా చెప్పుకుంటారు. ఎంతవరకు నిజమో గానీ, ఆ పొదుపు చూస్తే నాకు మా అత్తగారు గుర్తొస్తారు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర అయి కూర్చుంటుంది!

ఇక్కడ ఆడవాళ్లం గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ సినిమాల పేర్లు మళ్లీ చదవండి. పూజామహిమ, వ్రతం, మళ్లీ పూజామహిమ. ఆ రోజుల్లో ఇంటి కోడలు "కత్తి యుద్ధాల సినిమాకు పోతా" అని అత్తను అడగగలదా? "వరలక్ష్మీ వ్రతం" అంటే మాత్రం అత్తే ముందు బయల్దేరేది. మా అమ్మమ్మ 'నవగ్రహ పూజామహిమ'కు తలస్నానం చేసి వెళ్లిందట. లోపల చూసింది పూజ కొంచెం, కాంతారావు చేసే సాహసాలు ఎక్కువ. భక్తి పేరు మీద ఇంటి గడప దాటిన అమ్మమ్మలు ఎంతమందో! వాళ్లకు ఆ మూడు గంటలు దొరకడంలో కాంతారావు చేయి కూడా ఉంది. సినిమా చరిత్ర రాసేవాళ్లు ట్రిక్కుల గురించి రాస్తారు, ఈ సంగతి మన ఇళ్లలోనే మిగిలింది.

ఇక 1963 ఒక్క సంవత్సరం చూడండి. మార్చిలో 'లవకుశ' వచ్చింది. పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా. సి. పుల్లయ్య మొదలుపెడితే, మధ్యలో డబ్బు ఇబ్బందులతో ఏళ్లపాటు ఆగి, చివరికి ఆయన కొడుకు సి.ఎస్. రావు చేతిలో పూర్తయింది. అందులో లక్ష్మణుడు కాంతారావు. అన్న ఆజ్ఞ కాదనలేక, వదినకు నిజం చెప్పలేక, రథం మీద అడవికి తీసుకెళ్లి వదిలిపెట్టే ఘట్టం మా అమ్మకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. "అంజలీదేవి ఏడుస్తుంటె అందరు ఏడ్సిండ్రు. నేను మాత్రం ఆ లక్ష్మణుని మొఖం జూసి ఏడ్సిన. తప్పని తెల్సి కూడ చేస్తుండు పాపం" అంటుంది. పదేళ్ల పిల్లకు ఆ మొహం అంతగా గుర్తుండిపోయింది.

అదే ఏడాది 'నర్తనశాల'లో ఎన్టీఆర్ అర్జునుడు, బృహన్నల వేషాలు కట్టడంతో కృష్ణుడి కిరీటం కాంతారావుకు దొరికింది. 'శ్రీకృష్ణార్జున యుద్ధం'లో ఎన్టీఆరే కృష్ణుడు, కాబట్టి కాంతారావు నారదుడు. 1965లో 'పాండవ వనవాసం'లో ఎన్టీఆర్ భీముడైతే మళ్లీ కృష్ణుడు ఈయన. పెద్దాయన ఏ వేషం తీసుకుంటే, మిగిలినదాంట్లో మంచిది ఈయనకు. మన ఇళ్లలో రెండో కోడలి బతుకు ఇలాగే ఉంటుంది కదా? పట్టుచీర పెద్దకోడలు ఎంచుకున్నాక మిగిలిన రంగు మనది. కానీ ఆ మిగిలిన వేషాన్నే ఆయన తక్కువ చేసి కట్టలేదు. అందుకే కృష్ణుడంటే ఎన్టీఆరే అనుకునే జనం ఈయన్నీ కృష్ణుడిగా ఒప్పుకున్నారు.

కత్తి లేకపోయినా ఆయన నటుడే. 'శాంతినివాసం' సూర్యకాంతం కోసం చూసే సినిమా అనుకుంటాం, అందులో కాంతారావూ ఉన్నారు. 1969లో వచ్చిన 'ఏకవీర' నాకు మరీ ఇష్టం. విశ్వనాథ సత్యనారాయణ నవల అది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివాను. మధుర నేపథ్యంగా ఇద్దరు స్నేహితులు, తారుమారైన పెళ్లిళ్లు. మన సి. నారాయణరెడ్డి మాటలు రాశారు. ఎన్టీఆర్ ఒక స్నేహితుడు, కాంతారావు ఇంకొకడు. కత్తి కంటే మౌనం ఎక్కువ పనిచేసే పాత్ర. సినిమా బాగా ఆడలేదు గానీ, చూస్తే ఆయనలో ఏముందో తెలుస్తుంది.

అప్పటికే కాలం తిరుగుతోంది. విఠలాచార్య కూడా 1963లో 'బందిపోటు'తో మొదలుపెట్టి వరసగా ఎన్టీఆర్‌తో తీస్తున్నారు. 1966లో కృష్ణ 'గూఢచారి 116' వచ్చి కత్తి చోట పిస్తోలు పెట్టింది. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో గుర్రం మీద రాకుమారుడు దిగి కౌబాయ్ ఎక్కాడు. రంగుల సినిమా వచ్చాక ఖర్చు పెరిగింది. నలుపు తెలుపుల్లో అట్ట కోట కూడా కోటలాగే కనిపించేది, రంగుల్లో దాన్ని నమ్మించాలంటే డబ్బు కావాలి. చిన్న బడ్జెట్ జానపదానికి చోటు తగ్గింది. కాంతారావుకు అప్పటికి నలభై ఐదు దాటాయి.

ఇదిగో, మా ఇంటి కాగితాల కవరుకు సంబంధించిన భాగం ఇక్కడ మొదలవుతుంది.

వేషాలు తగ్గుతున్న నటుడికి ఒక ఆలోచన వస్తుంది. ఎవరో పిలిచి ఇచ్చేదేమిటి, నేనే తీసుకుంటాను అని. కాంతారావు తన భార్య పేరు మీద హైమా ఫిలింస్ పెట్టారు. 1969లో 'సప్తస్వరాలు' తీశారు. తర్వాత 'ప్రేమజీవులు', 'గుణవంతుడు' వంటివి. ఎప్పుడో 1989లో 'స్వాతి చినుకులు'. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? గుడిబండలో ఉన్న ఆస్తి నుంచి. ఒక సినిమా పోతే దాని అప్పు తీర్చడానికి ఇంకో సినిమా, దానికి ఇంకొంత భూమి. రాకుమారుడు తెర మీద గెలిచిన రాజ్యాలు ఎన్నో, ఊళ్లో ఉన్న నిజం రాజ్యం మాత్రం అలా కరిగిపోయింది.

సినిమా వ్యాపారం నడిచే తీరు మనకు తెలియాలి, ఎందుకంటే మన పిల్లలు అందులోకే పోతామంటున్నారు. నిర్మాత ముందు తన సొంత డబ్బు పెడతాడు. కొంత షూటింగు అయ్యాక ఆంధ్ర, సీడెడ్, నైజాం అని ప్రాంతాలుగా పంచి పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు తీసుకుంటాడు. మన తెలంగాణను సినిమావాళ్లు ఇప్పటికీ నైజాం అనే పిలుస్తారు. ఇవి చాలకపోతే వడ్డీకి అప్పు. సినిమా ఆడితే సరే. ఆడకపోతే తెర మీద బొమ్మ రెండు వారాల్లో పోతుంది, కాగితం మీద సంతకం మాత్రం పోదు. నటుడికి డేట్లు, డైలాగులు తెలుసు. వడ్డీ లెక్క ఎప్పుడు తిరుగుతుందో చాలామందికి తెలియలేదు.

కాంతారావు ఒక్కరే కాదు. తెలుగు తమిళ దేశాలు రెండూ మొక్కిన చిత్తూరు నాగయ్య 'త్యాగయ్య'ను తానే నిర్మించి, తానే నటించిన మహానుభావుడు. దానధర్మాలకూ సినిమాలకూ అన్నీ పోయి, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. సావిత్రి 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించి, తమిళంలో 'ప్రాప్తం' తీసి నష్టపోయిన కథ మీ అందరికీ తెలిసిందే. కాంతారావుతో కత్తులు దూసిన రాజనాల చివరి రోజుల్లో షుగరు జబ్బుకు ఒక కాలు పోగొట్టుకుని, డబ్బుకు ఇబ్బంది పడుతూ 1998లో కన్నుమూశారు. హీరో, విలన్ ఇద్దరూ ఒకే సినిమాలో మొదలై దాదాపు ఒకే చోటికి చేరారు.

కాంతారావు మాత్రం పని మానలేదు. 1975లో బాపు 'ముత్యాల ముగ్గు'లో హీరో తండ్రిగా కనిపిస్తారు. ఆ తర్వాత చిన్నా చితకా వేషాలు, హైదరాబాద్ వచ్చాక టీవీ సీరియళ్లు. నాలుగు వందలకు పైగా సినిమాల్లో నటించారని చెబుతారు. అంత చేసిన మనిషి చివరి కాలం అద్దె ఇంట్లోనే గడిచింది. కాన్సర్‌తో 2009 మార్చి 22న హైదరాబాద్‌లో పోయారు. ఆ తర్వాత ఆ ఇంటి కష్టాల గురించి పేపర్లలో అప్పుడప్పుడు వార్తలు వచ్చేవి. సంస్థకు పేరిచ్చిన ఆ ఇల్లాలు సాయం కోసం ఎదురుచూస్తున్నారని చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 'అనగనగా ఒక రాకుమారుడు' అని ఆయన ఆత్మకథ పేరు. ఆ పేరు వింటేనే మనసు ఒకలా అవుతుంది.

ఇదంతా మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అందరి ముందూ చెప్పాను. వదిన కళ్లు తుడుచుకుంది. మా అన్న నేల చూపులు చూస్తున్నాడు. మేనల్లుడు మాత్రం తల ఎత్తి సూటిగా అడిగాడు.

"అత్తా, ఆయన ఓడిపోయిండని ఎట్ల అంటవు? అరవై ఏండ్లయింది, నానమ్మ ఇంకా ఆయనను జూస్తె చిన్నపిల్ల లెక్క నవ్వుతది. భూమి దాచుకున్నోళ్లు ఆ ఊర్ల ఎంతమంది లేరు? వాళ్ల పేర్లు ఎవలికి తెల్సు?"

నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. వాడన్నదాంట్లో తప్పేముంది? గుడిబండ పేరు ఈ రోజు నేను రాస్తున్నానంటే ఆ భూముల వల్ల కాదు కదా.

నేనే మళ్లీ ఇంకో సంగతి చెప్పాను. మా జిల్లా నుంచే సినిమాకు వెళ్లిన దిల్ రాజు ఉన్నారు, నర్సింగ్‌పల్లి ఆయనది. ముందు పంపిణీ వ్యాపారంలో ఏళ్లు గడిపి, ఏ సినిమా ఏ ఊళ్లో ఎంత ఆడుతుందో చూసి, 2003లో 'దిల్' నిర్మించారు. అందులో హీరో నితిన్ కూడా నిజామాబాద్ వాడే. పైసలు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతాయో ముందు నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. కాంతారావు కాలంలో నటుడికి అది నేర్పే చోటే లేదు. ఇప్పుడుంది. నువ్వు వెళ్లు, కానీ ముందు అది నేర్చుకో అన్నాను. వాడు ఒప్పుకోలేదు, కాదనలేదు.

అంతసేపూ అమ్మ మాట్లాడలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి అప్పుడు అంది.

"మీ తాత చెరుకు కొట్టినంక మోడు ఉంచేటోడు. దానికి నీళ్లు వెడ్తె మల్ల మొలిచేది, రెండో ఏడు విత్తనం ఖర్చు లేకుండ పంట. పైసలకు ఎంత తిప్పలొచ్చినా మోడు పీకలే. కొట్టుకునేది కొట్టుకోవాలె, మోడు ఉంచాలె."

అందరం చూస్తున్నాం. అమ్మ మనవడి వైపు తిరిగింది.

"మూడెకరాల కౌలు రెండేండ్లది నీకే ఇస్త. నాకు పెన్షనొస్తది, నా ఖర్చు నాకెల్తది. ఆ పైసలు పెట్టుకొని పట్నం పోయి పని నేర్చుకో. పోతె కౌలు పోతది, భూమి ఉంటది. కాంతారావుకు ఈ మాట చెప్పే నానమ్మ లేకుండె గావచ్చు."

వాడికి కోపం వచ్చింది. ఆ రోజంతా అన్నం తినలేదు. మా అన్న కవరు తీసి బీరువాలో పెట్టాడు. నేను తిరుగు బస్సులో శక్కర్‌నగర్ వైపు చూస్తూ కూర్చున్నాను. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు బండ్లు వరసగా నిలబడిన రోడ్డు మీద ఇప్పుడు వడ్ల లారీలు పోతున్నాయి. మా ఊళ్లో చెరుకు చేను చూసి ఎన్నేళ్లయిందో. ఫ్యాక్టరీ పోయినా ఊరు నిలబడింది, ఎందుకంటే కింద భూమి ఉంది, చెరుకు పోతే వరి వేసుకున్నారు. అమ్మ చెప్పింది కూడా అదే అని నాకు బోధన్ దాటాక గానీ వెలగలేదు.

ఇప్పుడు మేనల్లుడు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ముగ్గురితో కలిసి గదిలో ఉంటున్నాడు. ఒక ఎడిటింగ్ ఆఫీసులో చేరాడు. హీరో కావడం మాట ఎత్తడం లేదు, మానుకున్నానని కూడా చెప్పలేదు. మొన్న ఫోన్ చేసి "అత్తా, సప్తస్వరాలు ఎక్కడన్న దొరుకుతదా? చూడాలె" అని అడిగాడు. ఆయన పొలం అమ్మి తీసింది ఎట్లా ఉందో చూస్తాడట.

నాకూ చూడాలని ఉంది. దొరికితే ముందు అమ్మకు చూపిస్తాం. తలపాగా, సన్నటి మీసం కనబడగానే ఆమె ఏమంటుందో నాకు ముందే తెలుసు.